హాస్యసంజీవని: మన నవ్వు నడచిన త్రోవ

చదువరులలో వివేకవర్ధని పేరు వినని వారు అరుదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 సంవత్సరమున ఆ పత్రికను ప్రారంభించిరనియు, దాని మూలమున గోదావరీమండలమున సంఘసంస్కరణోద్యమము బలపడెననియు పాఠశాలలోని బాలురు సైతము చెప్పగలరు. కాని దానికి అనుబంధముగా 1876లో వెలువడిన హాస్యసంజీవని పేరు చాలమందికి తెలియదు. తెలిసినవారును దానిని గంభీరకార్యముల నడుమ జరిగిన యొక చిన్న వినోదముగా నెంచి విడిచిపెట్టుదురు. మా తలంపు వేఱు. తెలుగున నేడు మనము హాస్యరచన యని చెప్పుకొనుదానికి ఆ చిన్న పత్రిక యొక పుట్టుచోటు. దాని గుణమును, దాని దోషమును గూడ మన నవ్వునకు సంక్రమించినవి. ఆ గుణదోషములు రెండును విశాఖపట్టణమండలమున నెట్లు పరీక్షకు వచ్చెనో తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పత్రిక పుట్టిన కథయే వినదగినది. చెన్నపట్టణమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు 1871 మొదలు ఆంధ్రభాషాసంజీవని యను పత్రికను నడుపుచుండిరి. వారు గొప్ప పండితులు. పూర్వాచారములయందు అభిమానము గలవారు. స్త్రీవిద్య మొదలగు విషయములలో ఆ సంజీవనికిని ఈ వర్ధనికిని వాదము ముదిరెను. అది శాస్త్రప్రమాణములతో నాగక పరిహాసమునకు దిగెను. వేంకటరత్నముగారు తమ పత్రికకు హాస్యవర్ధని యను అనుబంధమును చేర్చిరి. వీరేశలింగముగారు దానికి బదులుగా హాస్యసంజీవనిని వెలువరించిరి. పేర్లను చూచినంతనే వాదము తీరు తెలియును. సంజీవనివారు వర్ధని పేరును, వర్ధనివారు సంజీవని పేరును ఎత్తికొని, దానికి ముందు హాస్యమను మాటను తగిలించిరి. అనగా ఈ రెండు అనుబంధములును పుట్టినది లోకమును నవ్వించుటకు గాదు, ఎదిరిపక్షము వారిని నవ్వులపాలు చేయుటకు. పొట్టేళ్ల పోరువలె మొదలైన యీ వ్యవహారమునుండి నిలువదగిన సాహిత్య మెట్లు పుట్టెనన్నదే మాకు వింతగా దోచుచున్నది.

పరిహాసము తెలుగువారికి అంతకుముందు తెలియనిది కాదు. కానుక ఈయని ప్రభువును, మంచినీరు దొరకని ఊరును కవులు చాటుపద్యములలో తిట్టిపోసిరి. పదునెనిమిదవ శతాబ్దమున కూచిమంచి జగ్గకవి చంద్రరేఖావిలాపమను కావ్యమునే నిందకొఱకు రచించెను. ఆచారములలోని డొల్లతనమును వేమన యెగతాళి చేసెను. సంస్కృతమున పల్లవరాజగు మహేంద్రవర్మ యేడవ శతాబ్దముననే మత్తవిలాసమను ప్రహసనమును వ్రాసి కపటసన్న్యాసులను రంగమున నిలిపెను. ఇవి యన్నియు నుండగా హాస్యసంజీవనివలన వచ్చిన క్రొత్తదనమేమి? అచ్చు పత్రికయగుటయే ఆ క్రొత్తదనము. చాటుపద్యము రుచించుటకు తిట్టు తిన్నవానిని శ్రోత యెఱిగియుండవలెను. అచ్చయిన పత్రిక టపాలో పోయి, ఆ మనుష్యుని ఎన్నడును చూడని పాఠకుని చేతిలో పడును. రాజమహేంద్రవరమునందలి యొకానొక వకీలును పేరుపెట్టి పరిహసించినచో కాకినాడవాడు నవ్వడు. వకీలు ఏ యూరివాడైనను ఇట్లే చేయునని చూపినచో తన యూరి వకీలు జ్ఞప్తికి వచ్చి నవ్వును. ఈ కారణముచేత పత్రికాహాస్యము వ్యక్తిని విడిచి, ఆ వ్యక్తి వంటివారి నందరిని పట్టవలసివచ్చెను. నిందనుండి హాస్యమునకు దాటించిన వంతెన యిదియే. ఇంగ్లండునందు 1841లో పుట్టిన పంచ్ పత్రికయు, దాని పేరును పెట్టుకొని 1877లో లక్నోనగరమున ఉర్దూభాషలో వెలసిన అవధ్ పంచ్ పత్రికయు ఈ త్రోవనే నడచినవి. మన హాస్యసంజీవని యీ రెండవదానికంటె ఒక యేడు పెద్దది.

వీరేశలింగముగారు ఆ కాలమున వ్రాసిన ప్రహసనములలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. మొదటిది బ్రహ్మవివాహము. ధర్మశాస్త్రములయందు బ్రాహ్మవివాహమనగా ఏమియు పుచ్చుకొనక కన్యను దానము చేయుట. ధనము పుచ్చుకొని ఇచ్చుట అసురవివాహము. ధనమిచ్చి పసిబాలికను తెచ్చుకొను వృద్ధుని కథకు పంతులుగారు ఆ మొదటి పవిత్రనామమునే పెట్టిరి. శాస్త్రము చదివినవాడు పేరు చూడగనే ముసిముసిగా నవ్వుకొనవలెను; చదువనివాడు కథ విని పకపక నవ్వవలెను. రెండవది వ్యవహారధర్మబోధిని. పేరు విన్న నది ధర్మగ్రంథమని తోచును. తెఱచి చూచినచో న్యాయస్థానములందలి వకీళ్ల మాయలు, కూటసాక్ష్యములు కనబడును. జనులు ఈ గంభీరనామములను ఎక్కువకాలము సాగనీయలేదు. మొదటిదానిని పెద్దయ్యగారి పెండ్లి యనియు, రెండవదానిని ప్లీడరు నాటకమనియు పిలువసాగిరి. గ్రంథకర్త పెట్టిన పేరును త్రోసివేసి పాఠకులు తమ పేరు పెట్టుకొనిరనగా, ఆ గ్రంథము వారి ఇంటిదైపోయినదని యర్థము.

మఱియొక సంగతి గమనింపవలెను. ఈ ప్రహసనములలోని పాత్రములు వ్యాకరణము చూచుకొని మాటాడవు. నీతిచంద్రికను అనుసరించి వచనము వ్రాయుచుండిన ఆ రోజులలో గంభీరవ్యాసమున వాడుకమాటను చొప్పించిన పండితులు సహింపరు. ప్రహసనములో మాత్రము, అది హాస్యమే గదా యని యూరకుండిరి. పెద్దలు కాపు పెట్టని దొడ్డివాకిలి గుండ నిత్యజీవితభాష ఈ విధముగా అచ్చులోనికి ప్రవేశించెను. ఆ వాకిలిని తెఱచిన పంతులుగారే నలుబది మూడేండ్ల పిమ్మట, 1919లో, తమ జీవితముయొక్క కడపటి నెలలలో, వ్యావహారికభాషాప్రవర్తకసమాజమునకు అధ్యక్షులైరి.

వీరేశలింగముగారి నవ్వునకు బలమిచ్చినది వారి చేత. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. అందువలన వారి పరిహాసమును చదివినవాడు, ఈయన మాటలకే పరిమితుడని కొట్టివేయలేకపోయెను. అయినను న్యాయముగా చెప్పవలసిన దొకటి కలదు. హాస్యసంజీవని తనకు జన్మమిచ్చిన పోరు గుణమును పూర్తిగా విడువలేదు. నవ్వువాడు ఎల్లప్పుడు సంస్కర్త. నవ్వబడువాడు ఎల్లప్పుడు ఎదిరిపక్షమువాడు. పండితులు తిర్యగ్విద్వన్మహాసభలో జంతువులైరి. అక్షరములు నేర్వని స్త్రీల మూఢవిశ్వాసములును, వేశ్యల నడవడియు అదే త్రాసున తూగినవి. లంచము తిను అధికారికిని, బడి ముఖమెఱుగని ముత్తైదువకును ఒకే దెబ్బ తగినదా? అధికారి తెలిసి చేయుచున్నాడు. ఆమెకు తెలిసికొను దారినే ఎవరును చూపలేదు. ఆ కాలపు సంస్కర్తల నవ్వు ఈ భేదమును తగినంతగా పాటించలేదని మా యభిప్రాయము.

ఈ కొఱత తీఱినది విశాఖపట్టణమండలమున. ఈ మండలమునకు సంస్కరణవాదము క్రొత్త కాదు. విశాఖపట్టణవాసులగు పరవస్తు వేంకటరంగాచార్యులవారు వితంతువివాహము శాస్త్రసమ్మతమని వాదించిన పండితులు. కాని శాస్త్రచర్చ పండితుల యరుగు దాటి సంతవీథికి రాజాలదు. ఇచ్చట కన్యలను విక్రయించు దురాచారము ఎంతటిదో తెలిసికొనగోరి విజయనగర మహారాజుగారు లెక్కలు తీయించిరి. మూడు సంవత్సరములలో ఈ మండలమున బ్రాహ్మణకుటుంబములలో జరిగిన శుల్కవివాహములు, లెక్కకు వచ్చినంతవరకే, 1,034. అందు అయిదేండ్ల వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఒక యేటి శిశువులు ముగ్గురు. గర్భస్థశిశువులకు సైతము బేరములు కుదురుచుండెను. ఈ యంకెలను లోకమునకు తెలిపినది ప్రభుత్వనివేదిక గాదు. ఒక హాస్యనాటకముయొక్క పీఠిక. ఆ నాటకము గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము.

అప్పారావుగారు 1862లో ఈ మండలమునందలి యస్. రాయవరమున జన్మించిరి. నేడు ప్రత్యేకమండలముగా నున్న విజయనగరము అప్పుడు విశాఖపట్టణమండలములోనిదే. కన్యాశుల్కము 1892 ఆగష్టు 13వ తేదీన విజయనగరమున జగన్నాథవిలాసినీసభవారిచే ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, పెంచి మార్చిన రూపమున 1909లో మరల ప్రకటింపబడెను. పెద్దయ్యగారి పెండ్లికిని దీనికిని సంబంధము చూపుటకు శ్రమపడనక్కఱలేదు. వస్తువు అదియే: ధనము, ముసలివరుడు, పసివధువు. న్యాయస్థానములు, వకీళ్లు, కూటసాక్షులు ప్లీడరు నాటకమున కనబడినవారే. వాడుకభాషయు ప్రహసనము తెఱచిన వాకిలినే వచ్చెను. అయితే అప్పారావుగారు దానిని దొడ్డివాకిలిగా నుండనీయలేదు. ప్రజలకు సులభముగా తెలియుటయే గాక, తెలుగున హాస్యమునకు తగిన భాష వాడుకభాషయే యని తాము నమ్మిన సంగతిని 1897 నాటి పీఠికలోనే ప్రకటించిరి. పదేండ్లు తిరుగకముందే ఆ నమ్మకము ఉద్యమమయ్యెను. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులగు పి.టి. శ్రీనివాస అయ్యంగారును, పాఠశాలల పర్యవేక్షకుడగు యేట్సు దొరయు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారును దానికి తోడైరి. ఈ సంగతిని గ్రాంథికమున వ్రాయుచున్న మమ్ము చూచి అప్పారావుగారు నవ్వియే యుందురు. ఆ నవ్వునకు మేము పాత్రులమే.

కాని భాషకంటెను, వస్తువుకంటెను ముఖ్యమైన మార్పు మఱొకటి. అప్పారావుగారు నవ్వు దిక్కును త్రిప్పిరి. హాస్యసంజీవనిలో సంస్కర్త కుర్చీలో కూర్చుండి పూర్వాచారపరుని బోనులో నిలిపెను. కన్యాశుల్కమున అగ్నిహోత్రావధానులును లుబ్ధావధానులును బోనులోనే యుండిరి. వారి ప్రక్కనే గిరీశమును నిలిచెను. గిరీశము వితంతూద్వాహమును గూర్చి ధారాళముగా ఉపన్యసింపగలడు. సంస్కర్తల పలుకులన్నియు అతని నాలుకమీద నున్నవి. ఆ పలుకులతోనే బుచ్చమ్మను లేవదీసికొనిపోవును. ఆ మాటలలో అసత్యము లేదు. పలుకు మనుష్యుడే యసత్యము. సంస్కరణము ఒక వేషముగా నుపయోగపడు కాలము వచ్చినదని సంస్కరణపక్షమువారే కనిపెట్టి చెప్పుట సామాన్యధైర్యము గాదు. ఎదిరివానిని వెక్కిరించుటకు పుట్టిన నవ్వు తనవానిని తూచుట నేర్చెను.

అంతకంటె లోతైనది మధురవాణి పాత్రము. వేశ్యలను వెలివేయవలెనని వాదించుచుండిన కాలమున, నాటకములోని వారందఱికంటె తెలివియు, దయయు గల స్త్రీగా ఒక వేశ్యను అప్పారావుగారు చిత్రించిరి. కథ తుదిభాగము విశాఖపట్టణమున నడచును. అచ్చట ఆమె వేశ్యాముఖము చూడనని వ్రతము పట్టిన సౌజన్యారావుపంతులు నెదుటకు వచ్చి మాటాడును. సౌజన్యారావు కపటి గాడు, నిజముగా సజ్జనుడు. అట్టివాని వ్రతమునకును ప్రశ్న యెదురైనది. అంతవరకు హాస్యమునకు గుఱియగుటయే పనిగా నుండిన స్త్రీ, ఇచ్చట హాస్యమును తన చేతిలోనికి తీసికొనెను. హాస్యసంజీవనికి లేనిది ఇదియే: నవ్వబడువారికి నోరు.

నవ్వువలన దురాచారము నశించెనా యని యడుగువారు గలరు. సత్యము చెప్పవలెనన్న నవ్వు ఒక్కటియే చాలలేదు. పెద్దయ్యగారి పెండ్లి వచ్చిన 53 ఏండ్లకు, 1929లో, శారదాశాసనము పుట్టి బాలికలకు పదునాలుగేండ్ల వివాహవయస్సును నిర్ణయించెను. ఇంతలో కన్యాశుల్కము తగ్గినచోట్ల వరశుల్కము పెరిగెను. కాళ్లకూరి నారాయణరావుగారు వరవిక్రయమను నాటకమును వ్రాయవలసివచ్చెను. బేరము ఆగలేదు, కొనువాడును అమ్మువాడును స్థానములు మార్చుకొనిరి. అయినను నవ్వు వ్యర్థము కాలేదు. శాసనము శిక్ష విధింపగలదు గాని సిగ్గు పుట్టింపలేదు. పసిపిల్లను కొని తెచ్చుకొన్న వృద్ధుడు పెండ్లి యూరేగింపున గర్వముతో కూర్చుండిన లోకమును, అట్టివానిని చూచి పెదవి కొఱికికొను లోకముగా మార్చినది పరిహాసమే. శాసనము అట్టి లోకముననే నాటుకొనగలదు.

ప్లీడరు నాటకమునకు మాత్రము విశాఖపట్టణమున మఱొక సంతానము కలిగెను. 1933లో ఓడరేవు ఏర్పడిన పిదప ఈ పట్టణమునకు చుట్టుప్రక్కల పల్లెలనుండి కూలిజనము వచ్చి చేరెను. వారితోపాటు సారాదుకాణములు, పోలీసులు, కచేరీలు, చిల్లరవకీళ్లు పెరిగిరి. 1922లో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ఈ పట్టణముననే న్యాయవాదిగా నుండి, ఈ లోకమును లోపలినుండి చూచిరి. 1876లో వకీళ్లను పరిహసించినవారు బడిపంతులు. ఇప్పుడు వకీలే వకీలు వృత్తిని పరిహసించుటకు పూనుకొనెను. మద్యనిషేధచట్టము పేదవానిని ఎట్లు దోషిగా జేయునో, ఆ చట్టమువలన బ్రదుకువారు ఎవరో వారి ఆరు సారా కథలు చదివినవారికి తెలియును. అల్పజీవి యను నవలలో భయపడి బ్రదుకు చిరుద్యోగిని చూచి నవ్వుచునే మన భయములను మనము లెక్కించుకొందుము. శాస్త్రిగారి కథలలో సాక్షి, ముద్దాయి, జవాను, సారా అమ్ము స్త్రీ తమ తమ మాటలలోనే మాటాడుదురు. ఆ మాట ఉత్తరాంధ్రపు మాట. దానియందు నవ్వవలసినది యాసను గాదు, ఆ యాసతో వారు బయటపెట్టు న్యాయపు వికారమును. రచయిత తాను వ్రాయునది మంచికి హానియు చెడుకు మేలును చేయకుండునట్లు చూచుకొనవలెనని వారు చెప్పుచుండిరి. హాస్యమునకు ఇంతకంటె మంచి నియమము మాకు తెలియదు.

విశాఖపట్టణముననే స్థిరపడిన భమిడిపాటి రామగోపాలముగారు మఱొక తీరున నవ్విరి. 1991లో సాహిత్య అకాడమీ బహుమానమందిన వారి కథాసంపుటి పేరు ఇట్లు మీ విధేయుడు. జాబు చివర అలవాటుగా వ్రాయు వినయపు మాటను పుస్తకము నొసట నుంచుటలోనే వారి స్వభావము తెలియును. ఎదిరివానిపై మొదలైన నవ్వు తనపక్షమువానికి వచ్చి, అచ్చటనుండి వ్రాయువాని దగ్గఱకే చేరెను. శతాబ్దమునకు పైబడిన కాలములో ఈ త్రోవ యింతదూరము సాగెను.

సాగిన త్రోవ వెనుకకు మళ్లదని చెప్పజాలము. 1955లో కన్యాశుల్కము చలనచిత్రమై లక్షలమందికి చేరెను, అది మేలే. కాని తరువాతి చిత్రములలో ఉత్తరాంధ్రపు యాసను తఱచుగా సేవకుని నోటను, మోటవాని నోటను పెట్టి, ఆ యాస వినబడుటయే హాస్యమని భావించు వాడుక ప్రబలెను. అప్పారావుగారును విశ్వనాథశాస్త్రిగారును ఏ భాషలో పెద్దమనుష్యుల డొల్లతనమును బయటపెట్టిరో, ఆ భాష మాటాడువారే నేడు నవ్వులపాలగుచున్నారు. ఓడరేవుతోను ఉక్కు కర్మాగారముతోను పెరిగిన ఈ నగరమున బాలుడు తన యమ్మమ్మ మాటను పదిమందిలో పలుకుటకు సిగ్గుపడుచున్నాడన్నచో, సిగ్గు పుట్టించు శక్తి గల ఆ పాత యాయుధము ఇప్పుడు ఎవరిపై తిరిగినదో విచారింపవలసియున్నది.

హాస్యమును విడువుమని మేము చెప్పుటలేదు. విడిచిన సంఘము త్వరలోనే తన ముఖమును మఱచును. మేము కోరునది ఇంతమాత్రమే. ఒక పుస్తకము చదివి నవ్వినప్పుడు, ఒక నాటకము చూచి నవ్వినప్పుడు, నవ్వు ఆగిన తరువాత పాఠకుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. నవ్వబడినవాడు బలవంతుడా, దుర్బలుడా? ఈ నవ్వులో నా వంతు ఎంత? వీరేశలింగముగారు మనకు నవ్వుటకు ధైర్యము నిచ్చిరి. అప్పారావుగారు ఆ నవ్వును మన యింటివైపు త్రిప్పిరి. విశ్వనాథశాస్త్రిగారు దానిని పేదవాని ప్రక్కన నిలిపిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను మిగులునది వెక్కిరింత మాత్రమే. వెక్కిరింతకు పత్రికలు అక్కఱలేదు. వీథి యరుగు చాలును.